నాన్న వైపు ఆడవాళ్ల గురించి కూడా అడగండి: ఒక ప్రోస్టేట్ క్యాన్సర్ కేసు

కుటుంబం ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. ఊరు, వృత్తి లాంటి గుర్తుపట్టే వివరాలు మార్చాను. జబ్బు వివరాలు, బంధుత్వాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఈ కేసంతా బంధుత్వాల మీదే నడిచింది.

రోగి వయసు 57. గోదావరి జిల్లాల మనిషి, రైసు మిల్లులో గుమస్తా. నాలుగైదు నెలలుగా నడుం నొప్పి. రోజంతా బస్తాల లెక్క చూస్తూ నిలబడే పని కాబట్టి దానివల్లేనని నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చారు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు ఒంటికి లేవడం వయసు మీద పడటమే అనుకున్నారు. ఏడు కిలోలు బరువు తగ్గి, పడుకుంటే నొప్పి ఎక్కువై రాత్రంతా కుర్చీలో కూర్చుని గడపాల్సి వచ్చాక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన ఎక్స్‌రే చూసి అనుమానపడి, ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రోటీను రక్తంలో ఎంతుందో చూపే పీఎస్ఏ పరీక్ష రాశారు. మంచి పని చేశారు. పని చేస్తే పెరిగి, నడుం వాల్చగానే తగ్గే నొప్పి ఒక రకం. పడుకున్నా వదలకుండా నిద్ర చెడగొట్టే నొప్పి వేరే రకం. యాభై దాటిన మగవాడికి ఈ రెండో రకం నొప్పి వస్తే పీఎస్ఏ చూడటం చాలా చిన్న ఖర్చు.

పీఎస్ఏ మిల్లీలీటరుకి 212 నానోగ్రాములు. మామూలుగా నాలుగు దాటితేనే ఆగి ఆలోచిస్తాం. వేలితో పరీక్షిస్తే ప్రోస్టేట్ ఎడమ సగం గట్టిగా, ఎగుడుదిగుడుగా తగిలింది. బయాప్సీలో గ్లీసన్ స్కోరు 4+5, అంటే 9. పది దాకా ఉండే కొలతలో తొమ్మిది. దాంతోపాటు పాథాలజిస్టు ఇంకో మాట రాశారు: క్యాన్సర్ కణాలు గ్రంథి నాళాల లోపల కూడా నిండి ఉన్నాయని. చాలామంది చదివి వదిలేసే వాక్యం అది. వంశపారంపర్య రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడ్డ బీఆర్‌సీఏ2 అనే జన్యువు దెబ్బతిన్న ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఈ తీరు ఎక్కువగా కనబడుతుంది కాబట్టి నేను దాని కింద గీత గీసి పెట్టుకున్నాను. ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందో చూపే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌లో వెన్నుపూసలు, పక్కటెముకలు, కటి ఎముకలు అన్నిటా మచ్చలు. పొత్తికడుపు లింఫ్ గ్రంథుల్లోనూ ఉంది. వెన్నుపాము మీద ఒత్తిడి లేదు, కాళ్లలో బలం బాగానే ఉంది. ఆ ఒక్క విషయంలో అదృష్టవంతులు.

ఆయనతో వచ్చిన కేస్ షీట్లో కుటుంబ చరిత్ర గడిలో 'చెప్పుకోదగ్గదేమీ లేదు' అని ఉంది. నేనూ ముందు మామూలు ప్రశ్నే వేశాను.

"మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందాండీ?"

"లేదండి. మా నాన్న గుండెపోటుతో పోయారండి. తాతకి ఏ జబ్బూ లేదండి, ఎనభై ఏళ్లు బతికాడు."

ఆయన మగవాళ్లనే లెక్కపెట్టారు. తనకొచ్చింది మగవాళ్ల జబ్బు కాబట్టి డాక్టరు అడుగుతున్నది మగవాళ్ల గురించే అనుకోవడం సహజం. అక్కచెల్లెళ్లు ఎంతమంది అని అడిగాను.

"ఒక అక్కండి. పోయింది."

ఎలా పోయారంటే ఆయన మాట్లాడలేదు. పక్కనున్న భార్య అందుకున్నారు. "రొమ్ములో గడ్డండి. తీసేశారు. కీమో కూడా ఇచ్చారు. మూడేళ్లకి మళ్లీ తిరగబెట్టింది. నలభై మూడేళ్లకే పోయిందండి మా వదిన."

"నాన్నగారికి తోబుట్టువులు?"

"మేనత్తలిద్దరండి వీళ్లకి. పెద్దత్తకి కడుపులో గడ్డన్నారు. కడుపు ఉబ్బిపోయేది, నీరు తీస్తే నెలకల్లా మళ్లీ చేరేది. యాభై నిండకుండానే పోయారట. అది క్యాన్సరని ఎవరూ చెప్పలేదండి."

ఎవరూ చెప్పకపోయినా ఆ వయసులో, ఆ తీరులో నీరు చేరిందంటే ముందుగా అనుమానించాల్సింది అండాశయ క్యాన్సర్నే. రెండు నిమిషాల మాటల్లో 'చెప్పుకోదగ్గదేమీ లేదు' అన్న గడి నిండిపోయింది. ఇలాంటి వివరాలు మన ఇళ్లలో కోడళ్ల దగ్గరే ఉంటాయని నా అనుభవం. ఆడపడుచుకి డ్రెస్సింగ్ మార్చింది, పత్యం వండి పెట్టింది వాళ్లే. అందుకే కుటుంబ చరిత్ర తీసుకునేటప్పుడు రోగి భార్యని బయట కూర్చోబెట్టను.

నేను కాగితం మీద వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి గుండ్రం. పిల్లల వరుసకి వచ్చేసరికి పెద్దబ్బాయికి పెళ్లయిందని చెప్పారు. కోడలు ఎవరమ్మాయని అడిగితే, "బయటి పిల్ల కాదండి, మా అక్క కూతురే. అక్క పోయేటప్పటికి దానికి పదమూడేళ్లు. మా ఇంట్లోనే పెరిగింది" అన్నారు రోగి. అక్కడ పెన్ను ఆపి ఆలోచించాల్సి వచ్చింది. మేనరికంలో రోగి కొడుకు ఒకవైపు, రోగి అక్క కూతురు మరోవైపు. ఒకే తాత నుంచి దిగిన రెండు కొమ్మలు మళ్లీ ఒకే ఇంట్లో కలిశాయి. వాళ్లకి అయిదేళ్ల పాప.

ఒక మగవాడి ప్రోస్టేట్ చూస్తూ ఇంత దూరం ఎందుకు వెళ్లానో చెప్పాలి. వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్‌కి ఒక జన్యువు కారణం కావచ్చని, అది 17వ క్రోమోజోము మీద ఉందని అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపించింది. అదే బీఆర్‌సీఏ1. రెండోదైన బీఆర్‌సీఏ2ని 13వ క్రోమోజోము మీద 1995లో బ్రిటన్‌లో మైక్ స్ట్రాటన్ బృందం పట్టుకుంది. రెండింటి పేరులోనూ రొమ్ము క్యాన్సరే (బ్రెస్ట్ క్యాన్సర్) ఉండటంతో, అవి ఆడవాళ్ల జన్యువులన్న అభిప్రాయం డాక్టర్లలో సైతం బలపడింది. నిజానికి ఈ జన్యువులు లింగ క్రోమోజోముల మీద లేవు. తండ్రి నుంచీ తల్లి నుంచీ ఒకే తీరుగా, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశంతో వస్తాయి. మోసుకొచ్చిన తండ్రికి ఏమీ కాకపోవచ్చు. ఈ కుటుంబంలో గుండెపోటుతో పోయిన నాన్నగారు అలాంటివారే. ఆయన తోడబుట్టిన ఆమె, కన్న కూతురు, కన్న కొడుకు ముగ్గురూ జబ్బు పడ్డారు, ఆయనకి మాత్రం క్యాన్సర్ రాలేదు. పైపైన చూసేవాళ్లకి గొలుసు అక్కడ తెగిపోయినట్టే కనిపిస్తుంది.

ఇతర భాగాలకి పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 692 మందిని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం మా ఆలోచనని మార్చింది. అందులో వందలో దాదాపు 12 మందికి డీఎన్ఏని బాగుచేసే జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఉంది. ఒక్క బీఆర్‌సీఏ2 వాటానే అయిదు శాతం పైన. అంటే ఇలా ముదిరిన దశలో వచ్చే ప్రతి ఎనిమిది, తొమ్మిది మందిలో ఒకరు. అందుకే జబ్బు పాకిన దశలో ఉన్న ప్రోస్టేట్ రోగికి కుటుంబ చరిత్ర ఉన్నా లేకపోయినా జన్యు పరీక్ష చెయ్యమని ఇప్పుడు మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా దగ్గర ఎంతమందికి జరుగుతోంది అంటే, చాలా తక్కువమందికి.

పరీక్షకి రక్తం పంపి, ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాం. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మేత టెస్టోస్టిరాన్ హార్మోన్ అని 1941లో చార్లెస్ హగిన్స్ నిరూపించారు, దానికి 1966లో నోబెల్ వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మొదటి మెట్టు అదే. మూడు నెలలకోసారి ఇంజెక్షన్ వేసి హార్మోను ఆపొచ్చు, లేదా చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీసేయొచ్చు. ఫలితం రెండిటికీ ఒకటే. ఆయన రెండో దారి ఎంచుకున్నారు. "ప్రతిసారీ పట్నం రాలేనండి, ఒక్కసారి అయిపోతే మంచిది" అన్నారు. ఈ విషయం మాట్లాడేటప్పుడు తొందరపడకూడదు. నేను ఇద్దరినీ కూర్చోబెట్టి దాంపత్య జీవితం గురించీ, ఒంట్లో వేడి సెగలు రావడం గురించీ, కండ తగ్గడం గురించీ చెప్పాకే సంతకం పెట్టించాను. దానికి తోడు, ఒంట్లో మిగతాచోట్ల కూడా ఆ హార్మోను తయారవకుండా ఆపే అబిరాటిరోన్ మాత్రలు రోజుకి 1000 మిల్లీగ్రాములు, ప్రెడ్నిసలోన్ 5 మిల్లీగ్రాములు. జబ్బు పాకి వచ్చిన వాళ్లకి మొదట్లోనే ఈ మందు కలిపితే ఆయుష్షు పెరుగుతుందని 2017లో రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి.

మూడు వారాల్లో నొప్పి తగ్గి ఆయన మంచం మీద వెల్లకిలా పడుకోగలిగారు. పీఎస్ఏ ఆరు నెలలకి 2.4కి దిగింది. 212 నుంచి అంత తగ్గింది కదా అని ఇంట్లో అందరికీ సంతోషం. నాకు మాత్రం అది సరిపోలేదు. ఈ చికిత్స బాగా పట్టినవాళ్లలో అది 0.2 లోపుకి వస్తుంది. అక్కడిదాకా రాకపోతే జబ్బు త్వరగా దారి మార్చుకుంటుందని ముందే అనుకోవాలి.

నాలుగో వారంలో జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. బీఆర్‌సీఏ2లో రెండు అక్షరాలు జారిపోయి, అక్కడి నుంచి ప్రోటీను చదివే వరుసంతా తప్పిపోయింది. హానికరమని నిర్ధారణ అయిన మార్పు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మనవాళ్ల రిపోర్టుల్లో 'ప్రాముఖ్యం తేలని మార్పు' అనే మాట తరచుగా కనబడుతుంది. ప్రపంచంలో పోగైన జన్యు సమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా సంతతి వాళ్లది కావడం అందుకు పెద్ద కారణం. అలాంటి రిపోర్టు పట్టుకుని ఎవరికీ రొమ్ములు, అండాశయాలు తీయించకూడదు, బంధువులందరినీ పరీక్షలకి తరమకూడదు. ఈ కేసులో ఆ సందేహం లేదు.

ఫలితం చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట తన మందు గురించి కాదు. "నా వల్ల పిల్లలకి వచ్చిందాండీ?"

నేను చెప్పింది ఇది: "మీరు ఎంచుకుని ఇచ్చింది కాదండి. మీకూ ఎవరో ఎంచుకుని ఇవ్వలేదు. మీ పిల్లలకి వచ్చిందో లేదో ఇంకా తెలీదు, సగానికి సగం అవకాశం. ఇప్పుడు మీ వల్ల వాళ్లకి తెలుస్తోంది. మీ అక్కగారి కాలంలో ఎవరికీ తెలిసే దారి లేదు." ఆయన చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయారు. జన్యు పరీక్ష రాసే ప్రతి డాక్టరూ ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకుని ఉండాలి. రిపోర్టు చేతికిచ్చి, నర్సుతో తర్వాతి రోగిని పిలిపించే పని కాదిది.

మొదలుపెట్టిన పదమూడో నెలలో పీఎస్ఏ పెరగడం మొదలై వరసగా మూడు పరీక్షల్లో 5, 14, 31కి చేరింది. రక్తంలో టెస్టోస్టిరాన్ అడుగంటే ఉంది, అంటే హార్మోను లేకుండానే జబ్బు బతకడం నేర్చుకుంది. స్కాన్‌లో ఎముకల్లో కొత్త మచ్చలు. నొప్పి తిరిగొచ్చింది. ఇక్కడ జన్యు రిపోర్టు రోగికే నేరుగా ఉపయోగపడింది: ఓలాపరిబ్ మాత్రలు మొదలుపెట్టాం, 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు.

ఈ మందు ఎలా పనిచేస్తుందో ఆయనకి కాలువ గట్టు లెక్కలో చెప్పాను, డెల్టా మనిషికి అది వెంటనే అందుతుంది. గట్టుకి రోజూ చిన్న చిన్న బెజ్జాలు పడుతుంటాయి, వాటిని ఎప్పటికప్పుడు పూడ్చే కూలీ ఒకడున్నాడు, వాడు పార్ప్ అనే ఎంజైము. పూడ్చకపోతే బెజ్జం పెరిగి గండి అవుతుంది. గండి పూడ్చాలంటే పెద్ద మేస్త్రీ రావాలి, ఆ మేస్త్రీ బీఆర్‌సీఏ2. మీ క్యాన్సర్ కణాల్లో మేస్త్రీ లేడు. మనం మాత్రతో కూలీని ఆపేస్తాం. ఇక బెజ్జాలన్నీ గండ్లవుతాయి, పూడ్చేవాడు లేక ఆ కణం కొట్టుకుపోతుంది. మిగతా ఒంట్లో కణాలకి ఆ జన్యువు రెండు నకళ్లలో మంచిది ఒకటి మిగిలే ఉంది, మేస్త్రీ ఉన్నాడు, అందుకని అవి తట్టుకుంటాయి. "అయితే మా నాన్న ఇచ్చిన లోపమే ఇప్పుడు మందుకి పనికొస్తోందన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఈ ఆలోచనని ప్రయోగశాలలో నిరూపిస్తూ 2005లో నేచర్ పత్రికలో ఒకేసారి రెండు పరిశోధనలు వచ్చాయి. 2009లో మనుషుల మీద మొదటి ఫలితాలు వచ్చినప్పుడు, మందు పట్టినవాళ్లంతా బీఆర్‌సీఏ లోపం ఉన్నవాళ్లే. వాళ్లలో అండాశయ, రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ మూడు రకాల రోగులూ ఉన్నారు. అవయవం ఏదైనా లోపం ఒకటే కాబట్టి మందూ ఒకటే అని అప్పుడే కనబడింది. ప్రోస్టేట్‌లో పక్కా రుజువు 2020లో ప్రోఫౌండ్ అనే పరిశోధనతో వచ్చింది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఏటీఎం జన్యువుల్లో లోపమున్న రోగుల్లో స్కాన్‌లో జబ్బు పెరగకుండా ఉన్న కాలం మామూలు హార్మోను మాత్రలతో 3.6 నెలలైతే ఓలాపరిబ్‌తో 7.4 నెలలు. ఆయుష్షు 14.7 నెలల నుంచి 19.1 నెలలకి పెరిగింది. పేపరు మీద చిన్న అంకెల్లా కనబడతాయి. అవి సగటు రోగి లెక్కలు, బీఆర్‌సీఏ2 ఉన్నవాళ్లలో ఫలితం తరచుగా ఇంకా మెరుగ్గా ఉంటుంది.

ఈయనకి నాలుగు నెలల్లో పీఎస్ఏ 31 నుంచి 1.9కి దిగింది. మార్ఫిన్ మాత్ర మానేశారు. మిల్లుకి పూటపూటా వెళ్లి కూర్చునేవారు. ఇబ్బంది రక్తం తగ్గడంతో వచ్చింది. రెండో నెలలో హిమోగ్లోబిన్ 7.1కి పడిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈ మందుతో ఇది అన్నిటికంటే ఎక్కువగా కనబడే దుష్ఫలితమే, ఎదురుచూస్తూనే ఉన్నాం. మందు ఆపి, రెండు సీసాల రక్తం ఎక్కించి, మూడు వారాల తర్వాత 250 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టాం. ఆ మోతాదులో 9.5 దగ్గర నిలబడింది. మొదటి ఆరు నెలలూ నెలనెలా రక్తపరీక్ష తప్పనిసరి అని ఇంటి గోడ క్యాలెండర్ మీద రాయించాను. మందు ఖర్చు గురించి దాచను: జన్యు పరీక్ష డబ్బు కుటుంబమే పెట్టుకుంది, మాత్రలకి సగం కాలం సహాయ పథకం కింద తక్కువ ధరకి తెప్పించాం, మిగతాదానికి కొంత పొలం కౌలు డబ్బు పోయింది. ఇలాంటి మందు నెల నెలా దొరుకుతుందో లేదో చూసుకోకుండా మొదలుపెట్టడం రోగికి మంచిది కాదు.

పద్నాలుగు నెలలు ఓలాపరిబ్ పట్టింది. ఈలోగా అసలు పని ఆయన ఇంట్లో జరిగింది.

ముందు కోడల్ని పిలిపించాం. వయసు 33. లోపం ఎక్కడుందో తెలిసిపోయింది కాబట్టి ఆ ఒక్కచోటే చూస్తే చాలు, మొత్తం జన్యువులు చదివే పరీక్షతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. ఆమెకీ అదే మార్పు ఉంది. బీఆర్‌సీఏ లోపమున్న దాదాపు పదివేల మంది ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన 2017 నాటి అధ్యయనం ప్రకారం బీఆర్‌సీఏ2 ఉంటే 80 ఏళ్లలోగా వందలో 69 మందికి రొమ్ము క్యాన్సర్, 17 మందికి అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశముంది. ఆ వయసులో రొమ్ము దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ తేలిగ్గా దొరకదు కాబట్టి ఎంఆర్ఐ కూడా చేయించాం. కుడి రొమ్ములో 9 మిల్లీమీటర్ల మచ్చ కనబడింది. చేతికి అందలేదు. ఆ చోటు చూసుకుని మళ్లీ అల్ట్రాసౌండ్ చేసి సూదితో ముక్క తీస్తే క్యాన్సరే. హార్మోన్ రిసెప్టర్లు ఉన్న రకం, అంటే ఆడ హార్మోన్లతో పెరిగేది. క్యాన్సర్‌ని వేగంగా పెంచే హెర్2 ప్రోటీను ఎక్కువగా లేదు. చంక గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి.

ఆమె రెండు రొమ్ములూ తీయించుకుంటానని చెప్పింది. రొమ్ము ఉంచి గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇవ్వడం, ఆపైన ఏటా ఎంఆర్ఐతో కాపలా కాయడం కూడా సరైన దారేనని, తొందరేమీ లేదని చెప్పాను. "మా అమ్మకి కట్టు మార్చేటప్పుడు నీళ్లు అందించింది నేనేనండి" అంది. ఆ తర్వాత నేను వాదించలేదు. సర్జన్ అదే పూటలో రొమ్ముల ఆకారం తిరిగి కట్టారు. కీమో అవసరపడలేదు. హార్మోను మాత్రలు, అండాశయాల పని ఆపే ఇంజెక్షన్ నడుస్తున్నాయి. నలభై దాటాక అండాశయాలు, నాళాలు తీయించుకోవడం గురించి మాట్లాడుకున్నాం. గడ్డ ముదిరి, గ్రంథులకి పాకి ఉంటే మామగారు మింగుతున్న ఓలాపరిబ్‌నే ఈమెకి కూడా ఏడాదిపాటు ఇవ్వాల్సి వచ్చేది. బీఆర్‌సీఏ లోపంతో, తిరగబెట్టే ముప్పు ఎక్కువున్న తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో అది పనిచేస్తుందని 2021లో ఒలింపియా పరిశోధన చూపింది: మూడేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మందు లేనివాళ్లలో 77.1 శాతం, తీసుకున్నవాళ్లలో 85.9 శాతం.

ఆమె తల్లికి 1990ల చివర్లో ఇచ్చిన కీమో కాగితాలు ఒక పాత ట్రంకు పెట్టెలో దొరికాయి. మూడు మందుల వరస, అందులో ఒకటి మెథోట్రెక్సేట్. మెథోట్రెక్సేట్ కోవకి చెందిన మందులు అమెరికాలో లెడర్లీ సంస్థలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారయ్యాయి. ఆ కాలానికి ఉన్న మంచి వైద్యమే ఆమెకి అందింది. ఏ జన్యువు దెబ్బతిందో చూసి మందు ఎంచుకునే కాలం అప్పటికింకా రాలేదు.

తర్వాత కొడుకు. ఇతని పరీక్ష మీద నాకు అందరికంటే ఎక్కువ ఆదుర్దాగా ఉండింది, కారణం మేనరికం. భార్యాభర్తలిద్దరికీ బీఆర్‌సీఏ2 లోపముంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకి రెండు నకళ్లూ చెడ్డవే రావచ్చు. దాన్ని ఫాంకోని రక్తహీనతలో డీ1 రకం అంటారు, ఆ సంబంధం 2002లో బయటపడింది. పసితనంలోనే రక్త క్యాన్సర్, మెదడులోనో కిడ్నీలోనో గడ్డలు వచ్చే తీవ్రమైన జబ్బు. పాప అయిదేళ్లదాకా ఆరోగ్యంగా పెరిగింది కాబట్టి అవకాశం తక్కువే అనుకున్నా, రెండో బిడ్డ కోసం ఆలోచిస్తున్నవాళ్లకి ఇది చెప్పకుండా ఉండకూడదు. కొడుకుకి లోపం లేదని వచ్చింది. మేనరికం చేసుకున్న కుటుంబంలో బీఆర్‌సీఏ బయటపడితే ఇద్దరినీ పరీక్షించాలన్న మాట ఐరోపా, అమెరికా పాఠాల్లో పెద్దగా ఉండదు. మన దగ్గర పనిచేసే డాక్టర్లు దీన్ని తామే గుర్తు పెట్టుకోవాలి. పాపకి తల్లి నుంచి వచ్చే సగం అవకాశం మిగిలే ఉంది. పెద్దయ్యాక వచ్చే జబ్బు కాబట్టి ఇప్పుడు పరీక్ష చెయ్యం, మేజరయ్యాక తనే నిర్ణయించుకుంటుంది.

రోగి కూతురి వయసు 27. ఉద్యోగం చేస్తోంది, సంబంధాలు చూస్తున్నారు. తల్లి నాతో విడిగా మాట్లాడారు: "ఇది బయటికి తెలిస్తే పిల్లకి సంబంధం వస్తుందా డాక్టర్ గారూ?" ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. పెళ్లి మాటల్లో ఇలాంటి విషయం ఎంత నష్టం చేస్తుందో ఆవిడకి నాకంటే బాగా తెలుసు. అమ్మాయి కూడా ఇప్పుడే తెలుసుకోను అంది. అలాంటప్పుడు పరీక్ష చేయించుకోకపోతే ఇక మేమేం చెయ్యలేమని చాలాచోట్ల పంపేస్తారు. అది అవసరం లేదు. బీఆర్‌సీఏ ఉన్న వ్యక్తికి తోబుట్టువో సంతానమో అయి, తనకి పరీక్ష చేయించుకోని ఆడవాళ్లకి కూడా ఏటా ఎంఆర్ఐ చెయ్యొచ్చని అమెరికా క్యాన్సర్ సొసైటీ మార్గదర్శకాల్లోనే ఉంది. ఏ రిపోర్టు మీదా జన్యువు మాట లేకుండా ఆమెకి ఏటా ఎంఆర్ఐ జరుగుతోంది. ఇప్పటికి రెండు అయ్యాయి, రెండూ శుభ్రంగా ఉన్నాయి.

రోగి భార్యది బయటి సంబంధం, ఆవిడకి ఈ లోపం వచ్చే దారి లేదు. "నాకూ స్కాను కావాలాండీ?" అంటే, ఎంఆర్ఐ అక్కర్లేదు, మామోగ్రామ్ వీలైతే సరే, లేదంటే రెండేళ్లకోసారి శిక్షణ ఉన్న నర్సమ్మ చేత్తో రొమ్ము పరీక్ష చేయించుకున్నా మంచిదే అన్నాను. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లని ఇరవై ఏళ్లు గమనించి 2021లో ఇచ్చిన ఫలితం అదే: చేత్తో చేసే ఆ పరీక్షతో యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

మగవాళ్లని రప్పించడానికి ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది. రోగి అన్నగారి వయసు 60. ఆయనకీ లోపం ఉంది. మామూలు మగవాళ్లందరికీ పీఎస్ఏ పరీక్ష చేయించాలని నేను అనను, అవసరం లేని బయాప్సీలు, ఆపరేషన్లు పెరుగుతాయి. బీఆర్‌సీఏ2 ఉన్నవాళ్ల సంగతి వేరు. వీళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా, చిన్న వయసులో, ప్రమాదకరమైన రకంగా వస్తుందని ఇంపాక్ట్ అనే అంతర్జాతీయ అధ్యయనం చూపించింది. నలభై నుంచే ఏటా పీఎస్ఏ చూసి, మూడు దాటితే ఆగి ఆలోచించాలి. అన్నగారిది 2.2. చొక్కా తీయమని ఛాతీ కూడా పరీక్షించాను, ఆశ్చర్యపోయారు. మామూలు మగవాళ్లలో వెయ్యిలో ఒకరికి వచ్చే రొమ్ము క్యాన్సర్ ఈ లోపమున్న మగవాళ్లలో వందలో నలుగురి నుంచి ఏడుగురి దాకా వస్తుంది. చనుమొన కింద గట్టిగా ఏదైనా తగిలితే, మొన లోపలికి పోతే వెంటనే రమ్మని చెప్పాను.

అందరూ నా ఓపీకి రాలేరు కాబట్టి ఒక పేజీ ఉత్తరం తెలుగులో రాసి ఇచ్చాను. "మీ బంధువు ఒకరికి వంశపారంపర్యంగా వచ్చే జన్యు మార్పు ఉన్నట్టు తేలింది. అది మీకు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉంటే ముందే జాగ్రత్తపడే మార్గాలున్నాయి. ఈ కాగితాన్ని మీ దగ్గర్లోని క్యాన్సర్ డాక్టరుకి చూపించండి" అని నాలుగు వాక్యాలు, కింద జన్యు మార్పు సంకేతం, పరీక్ష చేసిన తేదీ. రోగి పేరు రాయలేదు. దాన్ని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. డల్లాస్‌లో ఉన్న చిన్న మేనత్త కూతురు ఆ కాగితం అక్కడి డాక్టరుకి చూపించి పరీక్ష చేయించుకుంది, లోపం లేదని వచ్చింది. ఆమె పిల్లలకి ఇక ఆ బెంగ లేదు.

ఇప్పుడు మా ఓపీ కేస్ షీట్లో 'కుటుంబ చరిత్ర' అన్న ఒక్క గడి తీసేయించి, అమ్మ వైపు ఆడవాళ్లు, నాన్న వైపు ఆడవాళ్లు, రెండు వైపులా మగవాళ్లు అని మూడు గడులు పెట్టించాం. క్యాన్సర్ అన్న మాటతో ఆపకుండా రొమ్ము తీసేయడం, కడుపులో నీరు, చిన్న వయసులో పోవడం ఇలా విడివిడిగా అడగమని జూనియర్లకి చెప్పాను. నాలుగో ప్రశ్న మేనరికం ఉందా అని. యూరాలజీ విభాగం వాళ్లు కూడా ఇదే కాగితం తీసుకున్నారు.

రోగికి జబ్బు బయటపడి మూడేళ్లు దాటింది. ఓలాపరిబ్ పట్టు సడలాక డోసిటాక్సెల్, ప్లాటినం రకమైన కార్బోప్లాటిన్ అనే కీమో మందులు కలిపి ఇస్తున్నాం. బీఆర్‌సీఏ2 లోపమున్న కణాలకి ప్లాటినం మందులు కూడా బాగా తగులుతాయి. నాలుగు సైకిళ్లయ్యాయి, పీఎస్ఏ సగానికి దిగింది, నడుం నొప్పి అదుపులో ఉంది, కాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి కాబట్టి మోతాదు కాస్త తగ్గించాం. పెద్ద మేనత్త కొడుకులిద్దరు, ఒక కూతురు ఇంకా పరీక్షకి రాలేదు. వాళ్లతో మాట్లాడే బాధ్యత కోడలు తీసుకుంది. వచ్చే నెల అన్నగారి పీఎస్ఏ పరీక్ష ఉంది, అదే రోజు వాళ్లని కూడా వెంటబెట్టుకొస్తానని ఫోన్ చేసింది.